ఒక గీత ఛార్జింగు

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో మనుషులకు వాటి మీద ఒక రకమైన భక్తి ఉండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, మా ఇంట్లో మొదటి సెల్‌ఫోనుకు హాల్లో టీవీ పక్కన ఒక పీట, పీట మీద మా అమ్మ అల్లిన గుడ్డ, ఆ గుడ్డ మీద ఫోను, ఇలా జరిగేది ఉపచారం. దాన్ని జేబులో వేసుకుని తిరిగే అధికారం నాకొక్కడికే ఉండేది, ఎందుకంటే అది నాకు ఆఫీసువాళ్లు ఇచ్చింది. జిగణిలో యూపీఎస్‌లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో నేను సర్వీసు ఇంజనీరుని. కరెంటు పోతే కంప్యూటర్లు ఆరిపోకుండా కాసేపు నిలబెట్టే పెట్టెలు అవి. వాటిలో ఉండేది ముఖ్యంగా బ్యాటరీలే. మహదేవపురలో కొత్తగా లేస్తున్న అద్దాల ఆఫీసుల నుంచి ఆనేకల్ సందుల్లోని జిరాక్సు అంగడి దాకా, ఎక్కడ బ్యాటరీ నీరసించినా స్కూటరు మీద వెళ్లి దానికి ప్రాణం పోసి రావడం నా పని. అందుకని చుట్టాల్లో నాకు 'ఛార్జరప్ప' అని పేరు పడింది. వెక్కిరించడానికి పెట్టిన పేరే అయినా నేను దాన్ని బిరుదులాగే మోశాను. ఎవరింటికి వెళ్లినా అడగకుండానే వాళ్ల ఎమర్జెన్సీ లైటు ఎత్తి చూసి, దీన్ని సరిగ్గా ఛార్జి చెయ్యడం లేదని మందలించి, కాఫీ తాగి వచ్చేవాడిని. (కాఫీ ఇవ్వడం మానేసిన ఇళ్లు కూడా కొన్ని ఉన్నాయి.)

సెలవు దొరికితే చాలు, సంచి తగిలించుకుని కొండలెక్కే పిచ్చి బెంగళూరు కుర్రాళ్లకు అప్పుడప్పుడే పట్టుకుంటోంది. నాకు దాన్ని అంటించినవాళ్లు ఇద్దరు. ఒకడు గుంటూరు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కుర్రాడు, మెడలో దిక్సూచి వేలాడేసుకుని తిరిగేవాడు కాబట్టి వాడు కంపాస్. (మెజెస్టిక్ బస్టాండులో ప్లాట్‌ఫారం కూడా దాన్ని చూసే వెతికేవాడు.) రెండోవాడు మా కంపెనీలోనే పనిచేసే కన్నడ మిత్రుడు, కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నాడు కాబట్టి లెన్సు. ఆ కెమెరా పెన్సిల్ సెల్లులను బొరుగుల్లా నమిలేసేది. కంపాస్‌కి కొత్తగా పెళ్లి కుదిరింది కాబట్టి వాడి ఫోను కొండ సగం ఎక్కేలోపే చచ్చిపోయేది. ఎక్కిన ప్రతి కొండ మీదా సాయంత్రానికి మా యంత్రాలన్నీ కళ్లు తేలేసేవి, ఇద్దరూ నా వైపు చూసేవాళ్లు. ఛార్జరప్ప అన్న పేరు పెట్టుకున్నవాడికి ఆ చూపులు భరించడం కష్టం. అందుకే ఆ దసరా సెలవులకు కనకపుర వైపు అడవుల్లో ఒక కొండ ఎక్కి, రాత్రి పైనే ఉండి రావాలని అనుకున్నప్పుడు నేనొక ప్రకటన చేశాను. ఈసారి ఎవరూ ఏదీ ఛార్జి చేసుకుని రానక్కర్లేదు, అడవిలోకి కరెంటు నేను తెస్తాను అని.

కరెంటు అంటే ఒక కస్టమరు దగ్గర మార్చి తెచ్చిన పాత యూపీఎస్ బ్యాటరీ. పాతదే గానీ ఇంకా దమ్మున్నదే. కార్లలో సిగరెట్టు వెలిగించుకోవడానికి ఒక రంధ్రం ఉంటుంది కదా, అలాంటివి కొని దానికి అమర్చాను, కారు ఛార్జరు ఏది తెచ్చినా అందులో గుచ్చుకోవచ్చు. బరువు నిండు బిందెంత. దాన్ని నింపడానికి ఛార్జరు కూడా నేనే తయారు చేశాను. ఛార్జి అవుతున్నంతసేపూ ఎర్రదీపం వెలుగుతుంది, బ్యాటరీ నిండగానే దానంతట అదే ఆరిపోతుంది. ఈ దీపం గొప్పతనం గురించి వినని మనిషి మా వీధిలో లేడు.

ఇక్కడ మా అక్క గురించి చెప్పాలి. ఆమెను ఆనేకల్‌లో ఇచ్చాం. బావకు అక్కడ పట్టు మగ్గాలు ఉన్నాయి. మగ్గం తప్ప లోకం ఎరగడు, గట్టిగా మాట్లాడడు, ఎవరేం చెప్పినా 'ఊఁ' అని తల ఊపుతాడు. అక్క తొలి కాన్పుకు మా ఇంటికి వచ్చి ఉంది. పండగని బావ కూడా వచ్చాడు. నేను సంచి సర్దుకుంటుంటే అక్క కాళ్లు చాపుకుని కూర్చుని బొరుగులు తింటూ ఉన్నట్టుండి, "బావను కూడా పిల్చకపోరాదా" అంది. "బిడ్డ పుట్టినాక ఈయప్ప యాడికీ కదిలేదానికి లేదు. ఒక్కతూరి కొండా అడవీ చూసొస్తాడులే."

"నీకు నెలలు నిండుతుండాయి కదే" అన్నాడు బావ భయంగా.

"డాక్టరమ్మ ఇంకా టైముండాది అనె కదా. అయినా నేను పిలిస్తే పలకల్ల, అంతే." అక్క నా వైపు తిరిగింది. "ఏమప్పా ఛార్జరప్పా, నీ ఫోను ఆరిపోదు కదా? ఆరిపోయిందో, ఈ ఇంట్లో నీకు మంచినీళ్లు కూడా పుట్టవు."

నేను ఛాతీ మీద చెయ్యి వేసుకుని, "అక్కా, ఊర్లో అందరి ఇండ్లలో కరెంటు పోయినా నా ఫోను వెలుగుతుంటుంది. నేనుండాను కదా" అన్నాను. బావ 'ఊఁ' అన్నాడు. అలా ఆ మనిషి నా మాట నమ్మి, నా వెంట బయలుదేరాడు.

బయలుదేరే ముందురోజు ఆయుధపూజ. బెంగళూరులో ఆయుధపూజంటే తెలియనిదేముంది, ఆ రోజు ఊళ్లో చక్రమున్న ప్రతిదానికీ చామంతి దండ పడుతుంది, ప్రతి వాకిట్లో కుంకుమ నింపిన బూడిద గుమ్మడికాయ పగులుతుంది. పనిచేసే పనిముట్టు ఏదైనా ఆ రోజు దేవుడే, పూజ అయ్యాక దాన్ని ముట్టుకోకూడదు, మర్నాడు కదిలించేదాకా దానికి విశ్రాంతి. నేను పొద్దున్నే బ్యాటరీకి ఛార్జరు తగిలించి, ఎర్రదీపం వెలగడం కళ్లారా చూసి, జిగణిలో కంపెనీ పూజకు వెళ్లాను. సాయంత్రం తిరిగి వచ్చేసరికి హాల్లో అమ్మ కొలువు తీర్చి ఉంది. కుట్టు మిషను, మిక్సీ, కత్తిపీట, బావ తెచ్చుకున్న, మగ్గంలో పోగు నడిపే నాడె, నా స్క్రూడ్రైవర్లు, నా మీటరు, వాటి మధ్య పెద్దమనిషిలా నా బ్యాటరీ, విభూతి రేఖలు పెట్టుకుని, చామంతి దండ వేసుకుని. పక్కనే నా ఛార్జరు నుదుటన కుంకుమ బొట్టు. ఎర్రదీపం ఆరి ఉంది. ఆరిందంటే నిండింది. అయినా అలవాటు కొద్దీ ఒకసారి మీటరు పెట్టి చూద్దామని చెయ్యి చాపాను.

"ముట్టొద్దప్పా!" అంది అమ్మ. "పూజలో ఉండాయి. రేపు నేను స్నానం చేసి కదిలించినంక తీసుకో."

మేము వెళ్లేది తెల్లవారకముందే. అమ్మ దేవుణ్ణి క్షమించమని అడిగి, బ్యాటరీని ఒక్కదాన్ని కదిలించి ఇచ్చింది, అల్లుడి వెంట పోతోంది కాబట్టి. మీటరును కదిలించలేదు. నేనూ అడగలేదు. దీపం ఆరిందంటే నిండిందని తయారు చేసినవాడికి తెలియదా?

కొండ కింద అటవీ శాఖ ఆఫీసులో మా అనుమతి కాగితం చూసిన ఉద్యోగి ఒక్క మాట గట్టిగా చెప్పాడు. "కత్తలాద మేలె ఇళీబేడి. ఆనె బర్తవె." చీకటి పడ్డాక దిగొద్దు, కింద మడుగులో నీళ్లకు ఏనుగులు వస్తాయి అని. మేం తలలూపి ఎక్కడం మొదలుపెట్టాం. బ్యాటరీని నేనూ బావా మార్చుకుంటూ మోశాం. నిజానికి బావే ఎక్కువ మోశాడు, నేను దాని పక్కన నడుస్తూ దాని శక్తి గురించి వివరించాను. నా హామీ ఉంది కాబట్టి కంపాస్ సిగ్నలు దొరికినంత దూరం కాబోయే భార్యతో మాట్లాడాడు. "బాస్, పర్లేదుగా, పైన ఛార్జ్ చేసుకోవచ్చుగా" అని మధ్యలో అడిగేవాడు, నేను చక్రవర్తిలా చెయ్యి ఊపేవాడిని. లెన్సు రాళ్లనూ తొండలనూ, చివరికి బ్యాటరీ మెడలో వాడిపోతున్న చామంతి దండనూ కూడా ఫోటో తీశాడు. నేనైతే నా ఫోనును కావాలనే సగం ఛార్జింగుతో తెచ్చాను. నిండుగా ఉన్న ఫోనుకు ఛార్జి పెట్టి చూపిస్తే ఎవరు మెచ్చుకుంటారు?

పైన ఒక పాత రాతి మండపం, దాని ముందు పెద్ద బండ. ఆ బండ చివర, లోయ వైపు, ఒక మూల మోకాళ్ల మీద కూర్చుంటేనే ఫోనుకు సిగ్నలు దొరుకుతోంది. అడవి దారంతా సిగ్నలు కోసం వెతికి వెతికి నా ఫోను అలసిపోయింది. పైకి చేరేసరికి తెరమీద ఛార్జింగు ఒకటే గీత మిగిలింది. కంపాస్ ఫోను చచ్చింది. లెన్సు కెమెరా చచ్చింది, వాడికీ బావకూ అసలు ఫోన్లే లేవు. మధ్యాహ్నం చిత్రాన్నం తిన్నాక అందరినీ మండపంలో కూర్చోబెట్టి, దండ తీసి పక్కన పెట్టి, రెండు ముక్కలు ఉపన్యాసం చెప్పి, బ్యాటరీకి ఫోను తగిలించాను.

ఏమీ కాలేదు. తీగ మార్చాను. బ్యాటరీ కొమ్ముల మీద అమ్మ రాసిన పసుపు కుంకుమ అడ్డమేమో అని చొక్కా కొసతో తుడిచాను. రంధ్రంలో ఊదాను. ఛార్జరును గట్టిగా నొక్కాను, మెల్లగా నొక్కాను. "ఏంటి బాస్, స్టార్ట్ అవ్వట్లేదా?" అన్నాడు కంపాస్. "కొంచెం టైమ్ తీసుకుంటుంది" అన్నాను, ఏది టైమ్ తీసుకుంటుందో నాకే తెలియకుండా. చివరికి సంచిలో ఉన్న చిన్న బల్బు తీసి రెండు కొమ్ములకూ ఆనించాను. దానిలోని తీగ అగరొత్తి కొసంత ఎర్రబడి, ఆరిపోయింది. వేరేవాళ్ల బ్యాటరీల్లో ఆ ఎర్రదనం ఎన్నోసార్లు చూసి, 'ఇది ఖాళీ అండీ' అని నిర్దయగా చెప్పినవాడిని. మేం పొద్దుటి నుంచీ కొండమీదికి మోసుకొచ్చింది ఒట్టి సీసం.

బావ దండ వైపు చూస్తూ మెల్లగా అడిగాడు. "అయితే ఫోను?"

"ఒక గీత ఉండాది బావా."

"అదెంతసేపుంటుంది?"

"ఎవరూ మాట్లాడకుంటే రేపు దిగేదాకా ఉంటుంది."

మేం ఫోనును బండ చివర, సిగ్నలు దొరికే మూలలో, నా తువ్వాలు మడిచి దాని మీద పడుకోబెట్టాం. ఫోను నెత్తిన ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది, ప్రాణం ఉన్నంతసేపూ ఉండుండి వెలుగుతుంది. నలుగురమూ దాని చుట్టూ కూర్చుని ఆ చుక్కనే చూస్తున్నాం. జబ్బు మనిషి మంచం చుట్టూ కూర్చున్నట్టు, దగ్గడానికి కూడా ఆలోచించాం. టైము చూడటానికి లెన్సు మీట నొక్కబోతే బావ వాడి చెయ్యి పట్టుకున్నాడు. అంత మెతక మనిషి చెయ్యి అంత గట్టిగా ఉంటుందని నాకప్పటిదాకా తెలియదు. ఎండ మెల్లగా బండ మీద నుంచి జారిపోతోంది. రేపటిదాకా ఎవరూ పిలవకుండా ఉంటే చాలని నేను మనసులో అన్ని దేవుళ్లకూ మొక్కుకుంటున్నాను.

అప్పుడు అది మోగింది.

మోగడానికి కూడా ఛార్జింగు ఖర్చే కాబట్టి, నేను దాని మీద పడినంత పని చేసి ఎత్తాను. మా అమ్మ. ఫోనంటే దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడేది కాబట్టి ఎంత దూరమైతే అంత గట్టిగా అరవాలని ఆమె నమ్మకం. అందరికీ వినపడింది. "అల్లుడికి చెప్పప్పా, పిల్లను ఆస్పత్రికి తీసుకొచ్చినాము. లోపలికి తీసుకొని పోయినారు. డాక్టరమ్మ చెబుతుండాది, కొంచెం..."

అంతే. గీత పోయింది, వెలుగు పోయింది, చుక్క పోయింది. నేను మీట ఎంత నొక్కినా తెర నల్లగానే ఉంది.

"కొంచెం?" అన్నాడు బావ.

కొంచెం నొప్పులని అందా, కొంచెం కష్టమని అందా, కొంచెం రక్తం కావాలని అందా? ఆ మాట తర్వాత ఏ మాట వచ్చినా అతుకుతుంది, మాకు గుర్తొచ్చినవన్నీ చెడ్డవే. బావ లేచి నిలబడ్డాడు. చెప్పులు తీసి బూట్లు వేసుకున్నాడు, తాడు ముడి పడటం లేదు. "నేను దిగిపోతాను" అన్నాడు.

"అన్నా, లాజికల్‌గా ఆలోచించండి" అన్నాడు కంపాస్. "సగం దారిలోనే చీకటి పడిపోతుంది. ఆయనేం చెప్పాడు? ఎలిఫెంట్స్ అండీ."

"టార్చీలుండాయి కదప్పా. నేనొక్కణ్ణే పోతాను. మీరు ఉండండి."

"ఒబ్బరే హోగక్కె బిడల్ల" అన్నాడు లెన్సు, ఒంటరిగా వెళ్లనివ్వనని. వాడు కెమెరా సంచిలో పెట్టేసి తనూ బూట్లు వేసుకోసాగాడు. అంటే నలుగురమూ దిగడమే. ఏనుగులు నీళ్లకు వచ్చే దారిలో, చీకట్లో, టార్చీల వెలుగులో. కింద లోయ అప్పటికే నీలంగా మారిపోయింది. ఎక్కడో వెదురు విరిగిన చప్పుడు వినపడింది. కోతి కావచ్చు. కోతి కాకపోవచ్చు కూడా.

నా బుర్ర ఎప్పుడూ అంత భయంగా పనిచెయ్యలేదు. మా దగ్గర టార్చీలు మూడున్నాయి, లెన్సు తనది మరచిపోయాడు. వాటిలో సెల్లులున్నాయి. మూడు సెల్లులు వరసగా పేరిస్తే వచ్చే వోల్టేజి ఫోను బ్యాటరీకి ఇంచుమించు సరిపోతుంది. బ్యాటరీని బయటికి తీసి, దాని బంగారు రంగు పట్టీలకు తీగలు ఆనించి పట్టుకుంటే కాసేపటికి ఒక్కసారి మాట్లాడటానికి సరిపడా ప్రాణం రావచ్చు. రాకపోవచ్చు. ఎక్కువైతే అది ఉబ్బి చేతుల్లోనే పేలవచ్చు. కంపెనీలో ఇలాంటి పని ఎవరైనా చేస్తే మొదట కేకలు వేసేవాడిని నేనే. ఇవన్నీ బావకు చెప్పాను. అన్నిటికంటే చెప్పడానికి కష్టమైనది చివర చెప్పాను. "సెల్లులు ఫోనుకు పోతే టార్చీలకు ఏమీ మిగలదు బావా. వార్త చెడ్డదైనా అప్పుడు దిగేదానికి లేదు. టార్చీలు ఉంచుకుంటే ఇప్పుడే దిగొచ్చు, కానీ అక్కకు ఏమయిందో తెలియకుండానే దిగల్ల. నువ్వు చెప్పు."

ఎప్పుడూ 'ఊఁ' అనే మనిషి ఈసారి అనలేదు. లోయ వైపు చూశాడు, చేతిలోని టార్చి వైపు చూశాడు. నాకు నా మీద నాకే అసహ్యం వేసింది. తర్వాత ఆయన టార్చి మూత తిప్పి, సెల్లులు నా ఒళ్లో వేశాడు. "తెలియకుండా నడిస్తే టార్చి ఉన్నా దావ కనపడదప్పా. నువ్వు చెయ్యి."

నా గొప్ప బ్యాటరీకి తగిలించిన తీగలనే పీకి కోశాను. కంపాస్ తన టార్చి విప్పి ఇచ్చాడు, నాదీ విప్పాం. సెల్లులను ఒకదాని వెనక ఒకటి బావ రెండు అరచేతుల మధ్య నొక్కి పట్టుకున్నాడు, మగ్గం మీద పోగు పట్టుకున్నంత నిదానంగా. నేను తీగ కొసలను పట్టీలకు ఆనించి వేళ్లతో అదిమి పట్టాను. పట్టీలు గోరంత కూడా లేవు. వేలు కాస్త జారితే తప్పిపోతుంది, రెండూ ఒకదానికొకటి తగిలితే అంతా అయిపోతుంది. లెన్సు మాకు గాలి తగలకుండా అడ్డంగా కూర్చున్నాడు. కంపాస్ ఏం చెయ్యాలో తెలియక దిక్సూచి చూస్తున్నాడు. నేను మధ్యమధ్య బ్యాటరీని చెంపకు ఆనించి వెచ్చబడుతోందా అని చూశాను. మొదట చల్లగా ఉంది, తర్వాత గోరువెచ్చగా అయింది, పసిపిల్లకు జ్వరం వచ్చినట్టు. చాలు అన్నాను. బావ ఇంకొంచెం అన్నాడు. మిగిలిన సెల్లులు మార్చి ఇంకొంచెం పట్టాం. నా వేళ్లు మొద్దుబారిపోయాయి. పడమటి వైపు కొండ అంచు మీద వెలుగు చివరి పట్టీ మాత్రం మిగిలింది.

ఫోనులో పెట్టి మీట నొక్కాను. తెర వెలిగింది. వెంటనే ఫోను తన స్వాగత గీతం పాడటం మొదలుపెట్టింది. (దాన్ని ఆపడం ఎలాగో నాకు ఎప్పుడూ తెలియలేదు. ఆ రోజు ఆ పాట అయిపోయేలోపు నేను ముసలివాడినయ్యాను.) నెత్తిన ఆకుపచ్చ చుక్క వెలిగింది. గీత ఒక్కటి కూడా లేదు, ఖాళీ డబ్బా బొమ్మ మాత్రం కొట్టుకుంటోంది. నేనూ బావా బండ చివర మోకాళ్ల మీద కూర్చుని, ఫోనుకు చెరోవైపు చెవి పెట్టి, వచ్చిన నంబరుకే తిరిగి చేశాం.

"హలో, యారు బేకిత్తు?" ఆస్పత్రి అమ్మాయి, తీరుబడిగా. ఎవరు కావాలో చెప్పాను. "ఇరి సార్, కరీతీని" అని రిసీవరు బల్ల మీద పెట్టేసింది, పిలుస్తానుండమని. మాకు ఆస్పత్రి వినపడుతోంది. ఎవరో చెప్పులీడ్చుకుంటూ నడుస్తున్నారు. ఒక తలుపు కిర్రుమంది. ఒక స్టీలు గిన్నె కింద పడింది. ఒకావిడ ఇంకొకావిడను సాంబారులో ఏం వేస్తావని అడుగుతోంది. చుక్క వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. బావ ఊపిరి నా చెంపకు తగులుతోంది.

"ఎవురు? నువ్వేనాప్పా? తిన్నారా?" అమ్మ.

"అమ్మా, అక్క..."

"అల్లుడు తిన్నాడా? ఆ చిత్రాన్నం ఈపొద్దే తినేయల్ల, రేపటికి చెడిపోతుంది."

"అమ్మా! అక్కకు ఎట్లుండాది?"

"ఎందుకప్పా అట్ల అరుస్తావు? నేను ఎన్ని తూర్లు కొట్టినా నీ ఫోను తగల్లేదు. అంత పెద్ద బ్యాటరీ మోసుకొని పోతివి కదా, ఏమయింది? పొద్దున నువ్వట్ల పోతూనే పూజకు పెట్టి నేను స్విచ్చి ఆపినానే, ఆయుధం కదా, ఆ దినము దానికి పని చెప్పకూడదు. మళ్లీ నువ్వు వేసుకోలేదా?"

దీపం నిండినందుకు ఆరలేదు. మా అమ్మ భక్తికి ఆరింది. నేనింకా ఆ లెక్క తేల్చుకుంటుండగానే బావ నా చేతిలోంచి ఫోను లాక్కున్నాడు. ఆయన ఒకరి చేతిలోంచి ఒక వస్తువు లాక్కోవడం నేను చూసింది అదొక్కసారే.

"అత్తా, నేనే. చెప్పండి."

అల్లుడి గొంతు వినగానే అమ్మ గొంతు మారిపోయింది. "అల్లుడా! ఆడబిడ్డ. మహాలక్ష్మి. తల్లీ బిడ్డా బాగుండారు. కొంచెం ముందుగా వచ్చేసింది, అంతే, భయపడేది ఏమీ లేదు అని డాక్టరమ్మ అనె. మీరు నిదానంగా రేపు రాండి."

బావ కళ్లు మూసుకున్నాడు. వెనక కంపాస్ "యెస్!" అని అరిచి, మళ్లీ తన నోరు తనే మూసుకున్నాడు. బావ ఒకటే అడిగాడు. "బిడ్డ ఏడ్చిందా అత్తా?"

"ఏడవకుండా ఉంటుందా, వీధంతా వినపడె. మళ్లీ ఏడుపు ఎత్తుకునేతట్టుండాది. ఉండండి, నర్సమ్మ చేతిలోనే ఉండాది, ఫోను దగ్గర పెట్టమని చెబుతాను, మీరే వినండి..."

ఆ మాట మధ్యలో ఆకుపచ్చ చుక్క ఆరింది. నేను మళ్లీ వెలుగుతుందని చూశాను. వెలగలేదు. తెర నల్లబడింది. బావ లాక్కున్నాక నేను మళ్లీ ఆనించిన చెవి ఇంకా ఫోను వెనకే ఉంది, అందులో చిన్న చప్పుడు కూడా లేదు. బావా, అయిపోయింది, అనడానికి నేను నోరు తెరిచాను.

"ఆఁ" అన్నాడు బావ. "ఆఁ, వినపడుతుండాది."

ఆయన ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు. కళ్లు తెరవలేదు. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారి గడ్డంలోకి దిగుతున్నాయి. "గట్టిగా ఏడుస్తుండాది అప్పా. బో గట్టిగా." కంపాసూ లెన్సూ చప్పట్లు కొట్టారు. లెన్సు ఆయన్ని వెనకనుంచి కౌగిలించుకున్నాడు. నేను చప్పట్లు కొట్టానో లేదో గుర్తు లేదు. చాలాసేపు ఆయన ఆ చచ్చిన ఫోనును చెవి దగ్గర పెట్టుకుని, లోయ వైపు తిరిగి, మోకాళ్ల మీద అలాగే కూర్చున్నాడు. మేమెవ్వరం దాన్ని అడగలేదు.

ఆ రాత్రి వెలుతురు లేకుండా మండపంలో ఒకరికొకరు ఆనుకుని కూర్చుని చెడిపోయే చిత్రాన్నం తిన్నాం. తెల్లారి దిగేటప్పుడు మడుగు దగ్గర దారి మీద ఏనుగుల పేడ ఇంకా ఆవిరి కక్కుతోంది. దాన్ని చూసి ముగ్గురం ఆగిపోయాం, బావ మాత్రం చూడనైనా చూడకుండా దాటుకుని వెళ్లిపోయాడు, వీపున నా బ్యాటరీతో సహా. (దాన్ని కొండమీదే వదిలేద్దామన్నాను. 'పూజ చేసింది కదప్పా' అన్నాడు.) ఆస్పత్రిలో అక్క నన్ను చూసి నవ్వి, నీళ్లు అడుక్కోవడానికి వేరే ఇల్లు చూసుకో అంది. తర్వాత చాలా ఏళ్లపాటు మా ఇంట్లో ఆయుధపూజ రోజున అమ్మ అన్ని స్విచ్చులూ ఆపి, నన్ను పిలిచి మరీ చూపించేది.

ఆ పిల్ల పెద్దదై కాలేజీకి వెళ్తోంది. ప్రతి పుట్టినరోజుకీ బావ ఆ కథ చెబుతాడు. తక్కువ మాట్లాడే మనిషి ఆ ఒక్క కథ మాత్రం పూర్తిగా చెబుతాడు, ఏనుగులతో సహా, టార్చి సెల్లులతో సహా, చివరికి కొండమీద నుంచి తన బిడ్డ మొదటి ఏడుపు తను విన్నానని. చుట్టాలంతా ఎంత అదృష్టం అంటారు. నేను కేకు తింటూ తల వంచుకుంటాను. మొన్న ఒకసారి ఆనేకల్ వెళ్తే మగ్గాల పక్కన మేమిద్దరమే ఉన్నాం. ఈమధ్య ఆయనకు చెవులు కొంచెం మందగించాయి. ఆయన ఆడించే చెయ్యి ఆపి, నా వైపు చూడకుండా అడిగాడు. "అప్పా, ఆ పొద్దు బండ మీద నువ్వూ చెవి పెట్టినావు కదా. బిడ్డ ఏడుపు నీకూ వినపడె కదా?"

ఇన్నేళ్లుగా ఎంతమంది కస్టమర్లు బతిమాలినా, మీటరులో ముల్లు ఎక్కడుంటే అదే చెప్పాను తప్ప ఒక్క గీత కూడా ఎక్కువ చెప్పలేదు నేను. ఆ విషయంలో నాకు చాలా గర్వం.

"వినపడింది బావా" అన్నాను. "నీకంటే ముందు నాకే వినపడింది."

ఆయన 'ఊఁ' అని తల ఊపి మళ్లీ మగ్గం ఆడించసాగాడు. బస్సులో తిరిగి వస్తూ నాలో నేనే నవ్వుకున్నాను. ఆ మాట అన్నప్పటి నుంచీ, నిజంగానే నేను కూడా విన్నట్టుగా అనిపిస్తోంది.